గృహవిజ్ఞానము: మొక్కల దీపము మాట విననప్పుడు



కరివేపాకు లేని పోపు మనకు పోపు కాదు. అందుచేతనే అమెరికా ఉత్తర రాష్ట్రములలో కాపురమున్న మన ఆడపడుచులు పలువురు కుండీలో కరివేపమొక్కను బిడ్డవలె సాకుచుందురు. ఆ మొక్క గడ్డకట్టు చలి కోర్వలేదు. శీతకాలమున దానిని ఇంటిలోనికి తేవలసినదే. షికాగో వంటి నగరమున డిసెంబరు చివర పగలు తొమ్మిది గంటలకు కొంచెము మాత్రమే మించును. ఆ వెలుగు చాలక మొక్కపైన ఎల్.ఇ.డి. దీపములు కట్టుదురు. వీనినే గ్రో లైట్లందురు. ఎండ సోకని ఫ్లాట్లలో కొత్తిమీర, మెంతికూర పెంచు మన ఊళ్లవారికిని ఇవి పనికివచ్చును.

ఈ దీపముల వెలుగును మీట త్రిప్పి హెచ్చింపను తగ్గింపను వచ్చును. వెలుగు మితిమీరినచో ఆకులు పాలిపోవును. చాలనిచో కొమ్మలు సన్నగిలి పొడవుగా సాగును. కనుక మీట పనిచేయకున్న కష్టము దీపమునకు కాదు, మొక్కకు. అట్టి సమయమున చాలమంది దీపము చెడినదని తలచి క్రొత్తది కొందురు. కొనుటకు ముందు తీగలను పరీక్షింపుడని మా మనవి. దోషము పలుమాఱు సన్నని తీగలలోనే దాగియుండును.

దీపమునకు రెండు తెగల తీగలు వచ్చును. మొదటివి గోడనుండి విద్యుత్తును తెచ్చునవి. ఇచ్చట 230 వోల్టులు, అమెరికా ఇండ్లలో 120 వోల్టులు. ఇవి ప్రాణాపాయకరములు. రెండవవి ఆజ్ఞను మాత్రము మోయు జంట తీగలు. వీనిలో సున్న మొదలు పది వోల్టుల వఱకే యుండును. పది యున్న నిండు వెలుగు. అయిదున్న రమారమి సగము. ఒకటికి దిగిన మిక్కిలి మందము.

ఇందొక విశేషము కలదు. సామాన్యముగా ఆ పది వోల్టులను పంపునది మీట కాదు, దీపముతో కూడియున్న డ్రైవరు పెట్టెయే. మీట దానిని క్రిందికి లాగును, అంతే. గుఱ్ఱము తనంతట పరుగెత్తును, కళ్లెము దానిని నిలుపును గదా! ఈ యొక్క సంగతి తెలిసిన, దోషమెచ్చటనున్నదో దీపమే చెప్పును.

మీట ఎంత త్రిప్పినను నిండు వెలుగే యున్నచో కళ్లెము తెగినదన్నమాట: జంటలో ఒక తీగ తెగినది, లేక అతుకు వదులైనది. ఎల్లప్పుడు మందముగానే యున్నచో రెండు తీగలు ఒకదానికొకటి తగులుచున్నవి, లేక తారుమారుగా కలుపబడినవి. వరుసగా కట్టిన దీపములలో ఒక్కదాని తీగలు తారుమారైనను తక్కినవన్నియు దానితోపాటు మందగింపవచ్చును. మొదటి దీపములు మాట విని తరువాతివి విననిచో, వానిని కలుపు తీగను చూడవలెను. వెలుగు మినుకుమినుకుమన్నచో సన్నతీగలను పెద్దతీగలతో కలిపి కట్టినారేమో చూచి, వానిని ఎడముగా నుంచవలెను.

పరీక్షించు విధము: స్విచ్చి ఆర్పుటతో తృప్తిపడక ప్లగ్గునే ఊడదీసి కొంతసేపు ఆగుడు. డ్రైవరునుండి వచ్చు జంట తీగలను మీట తీగలనుండి విడదీసి, కొసలు తగులకుండ ఎడముగా నుంచి ప్లగ్గు పెట్టుడు. దీపము నిండుగా వెలుగవలెను. మరల ప్లగ్గు తీసి, ఆ రెండు కొసలను మెలిపెట్టి ప్లగ్గు పెట్టుడు. ఇప్పుడు మిక్కిలి మందగింపవలెను, లేదా ఆరవలెను. రెండును జరిగిన డ్రైవరు క్షేమము. దోషము తీగలోనో మీటలోనో యున్నది. జరుగనిచో డ్రైవరునే శంకింపవలెను. మల్టీమీటరున్నచో డి.సి. 20 వోల్టుల గుర్తున నుంచి విడిగానున్న కొసలకు తాకింపుడు. రమారమి పది చూపును. కొన్ని దీపముల ఏర్పాటు వేఱుగా నుండును గనుక పెట్టెతో వచ్చిన కాగితమును ముందు చదువుడు.

రంగుల విషయమున జాగ్రత్త. అమెరికా పద్ధతిలో ఊదా తీగ ధనము, బూడిదరంగు తీగ ఋణము. అయితే ఆ దేశమున బూడిదరంగును పెద్ద విద్యుత్తు తిరుగుతీగకును వాడుదురు. ఈ పొరపాటు ప్రాణము మీదికి వచ్చునని, 2020 నాటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ననుసరించి 2022 జనవరి 1 నుండి సన్నతీగకు బూడిదరంగు మాని గులాబిరంగును వాడుచున్నారు. పాత దీపమున బూడిదరంగు, క్రొత్త దీపమున గులాబిరంగు ఒకే పని చేయును. కావున రంగొక్కటి చూచి ఏ తీగను నమ్మి ముట్టరాదు. అది ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూడవలెను.

డ్రైవరు పెట్టె మూత మాత్రము తెఱువకుడు. మాడు వాసన వచ్చినను, కుండీనీరు లోనికి పోయినను, తాకినప్పుడు జిల్లుమన్నను మెయిన్ కట్టి ఎలక్ట్రీషియనును పిలువుడు. సన్నతీగ దగ్గఱ అకారణముగా భయపడి సొమ్ము పోగొట్టుకొనరాదు. పెద్దతీగ దగ్గఱ భయము విడిచి ప్రాణము పోగొట్టుకొనరాదు. ఈ రెంటి మధ్య గీత ఎఱిగిన ఇల్లాలికి దీపమును, దాని నీడ పెరుగు మొక్కయు రెండును దక్కును.