మూడో రోజు డిశ్చార్జి సరే, ఇల్లు ఎంత దూరమో ఎవరు అడగాలె?



కొంచెం పెద్ద పోస్టు. ఇంట్ల ఎవరికన్నా ఆపరేషన్ ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

మా మేనమామ మందమర్రిల ఉంటడు. ఓపెన్‌కాస్టుల డంపర్ నడుపుతడు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 118 కిలోలు. షుగర్ ఉన్నది, బీపీ ఉన్నది, వాటికి తోడు గురక. మామూలు గురక కాదు, నిద్రల ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఇంట్ల నిద్ర సరిగ లేక డ్యూటీల స్టీరింగ్ మీద కన్ను మూతపడేది. అంత పెద్ద బండి నడిపేటోనికి అది ఎంత డేంజరో మన బొగ్గుబాయి పిల్లలకు చెప్పనక్కర్లేదు. అందుకే బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నడు.

"మనోళ్లకు ఆ ఆపరేషనా" అని నవ్వేటోళ్లు ఉంటరని తెలుసు. రక్తం లేక, బరువు లేక దవాఖానకు పోయేటోళ్లే మన దగ్గర ఎక్కువ కదా. కానీ ఇది సోకు కోసం చేసుకునేది కాదు. బీఎంఐ 40 దాటితే, లేకపోతే 35 దాటి షుగర్ లాంటి పెద్ద జబ్బులుండి వేరే మార్గాలు పనిచెయ్యకపోతే, బీమా కంపెనీలు దీన్ని కాదనొద్దని ఐఆర్‌డీఏఐ రూల్సే ఉన్నయి. మామది 42. 2022ల ఉస్మానియా దవాఖానల రెండొందల కిలోలు దాటిన ఒక యువకునికి సర్కారు డాక్టర్లే ఈ ఆపరేషన్ చేసిండ్రు.

ఇంట్ల ఇంగ్లీషు చదివేటోన్ని నేనొక్కన్నే కాబట్టి హాస్టల్ నుంచి నన్ను తోలుకపోయిండ్రు. హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు హాస్పిటల్. పొద్దుగాల ఆపరేషన్, సాయంత్రం నడిపించిండ్రు, తెల్లారి నీళ్లు తాగించిండ్రు, మూడో రోజు డిశ్చార్జి. మామ ఖుషీ. మస్టర్లు పోతయని ఆయన బాధ, బర్రెలు, పిల్లలు అని అత్త బాధ. అదే సాయంత్రం కారు మాట్లాడుకొని రాజీవ్ రహదారి పట్టినం. రెండొందల కిలోమీటర్లు పైనే. మామ పండుకున్నడని మధ్యల ఎక్కడా ఆపలే. అది కూడా తప్పేనని తర్వాత తెలిసింది. ఈ ఆపరేషన్ అయినోళ్లకు కాళ్ల నరాలల్ల రక్తం గడ్డకట్టే భయం ఇంటికి వచ్చినంక కూడా కొన్ని వారాలు ఉంటది. గంటకోసారి దించి నాలుగడుగులు నడిపించాలె.

ఆరో రోజు జ్వరం వచ్చింది. ఎడమ భుజం గుంజుతుందన్నడు. కడుపు ఆపరేషన్‌కు భుజానికి ఏం సంబంధం అనుకున్నం. వాడకట్టుల ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ అని చెప్పి నొప్పి సూది ఇచ్చిండు. జ్వరం దిగింది, మేము నిమ్మళపడ్డం. రాత్రి మామ ఊపిరి ఎగపోస్తుంటే డిశ్చార్జి కాయితం గుర్తుకొచ్చింది. బిల్లులతోని కలిపి ఫైల్ల పెట్టి నా బ్యాగులనే ఉంచిన. రెండో పేజీ కింద సన్న అక్షరాలతోని ఇంగ్లీషుల రాసి ఉన్నది. జ్వరం, భుజం నొప్పి, ఆగని వాంతులు, గుండె నిమిషానికి 120 సార్లు మించి కొట్టుకునుడు, వీటిల ఏది ఉన్నా వెంటనే రావాలె అని. ఫోన్ల టైమ్ పెట్టుకొని మామ చెయ్యి పట్టుకొని లెక్కబెట్టిన. 132.

చదువుకున్నోడని నన్ను తోలుకపోయిండ్రు. నేను ఆ కాయితాన్ని ఆరో రోజు రాత్రి చదివిన.

ఏమైందో చెప్త. ఈ ఆపరేషన్‌ల కడుపుల మూడొంతులకు పైగా కోసి తీసేస్తరు. మిగిలిన దాన్ని సన్న గొట్టంలాగ చేసి పొడుగుతా పిన్నులు కొడతరు. నూటికి ఒకరిద్దరికి ఆ పిన్నుల వరుసల ఎక్కడో లీకు అయితది. తక్కువమందికే, కానీ అయితే ప్రాణం మీదికి వస్తది. అది మొదటి రెండు రోజులల్లనే బయటపడాలని లేదు. వారానికి, పది రోజులకు కూడా బయటపడుతది. అంటే మూడో రోజు డాక్టర్ చూసినప్పుడు మామ నిజంగనే మంచిగుండొచ్చు. అందుకే నేను ఆ డాక్టర్ మీద నేరం మోపుత లేను.

అసలు మూడు రోజులు తక్కువ అని కూడా నేను అంట లేను. అమెరికాల చాలామందిని ఒక్క రాత్రి ఉంచుకొని పంపుతున్నరు. నీళ్లు తాగుతున్నడు, నడుస్తున్నడు, జ్వరం లేదు, నాడి మంచిగుంది అంటే మంచం మీద ఉండే పనిలేదు. ఎక్కువ రోజులు పండుకుంటే గడ్డలు, ఇన్‌ఫెక్షన్లు. "దవాఖానల ఉంటే ఇంకో రోగం అంటుకుంటది" అని మా అవ్వ అనేది ఉత్త మాట కాదు. కానీ ఆ ఒక్క రాత్రి లెక్క ఎవరికి? ఇల్లు అరగంట దూరంల ఉండి, ఫోన్ చేస్తే బండి వచ్చేటోళ్లకు. ఆ లెక్క తెచ్చి తిర్యాణి, కెరమెరి గూడెంల ఉండేటోనికి పెడితే ఎట్ల? మంచం ఖాళీ చేసుడు వేరే, ఊరు విడిచి వచ్చుడు వేరే. నా మాట ఏందంటే, మూడో రోజు డిశ్చార్జి కానియ్యండి, మొదటి చెకప్ అయ్యేదాక, కనీసం పది రోజులు, ఆ హాస్పిటల్‌కు అరగంట దూరంల రూము తీసుకొని ఉండండి. ఆ కిరాయి ఆపరేషన్ ఖర్చులనే లెక్కగట్టుకోండి. మేము వాపస్ పోయిన రాత్రి అంబులెన్సుకు కట్టిన పైసలతోని పది రోజుల రూము వచ్చేది.

ఇది ఈ ఒక్క ఆపరేషన్ ముచ్చట కాదు. బొక్కలు చిన్నగ ఉన్నయంటే ఆపరేషన్ కూడా చిన్నదే అనుకుంటం. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంల ఒక్క రోజుల 34 మంది ఆడోళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిండ్రు. గివే చిన్న బొక్కలవి. ఇంటికి పోయినంక కడుపునొప్పి, వాంతులు మొదలై నలుగురు చనిపోయిండ్రు. మిగిలినోళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించిండ్రు. 2014ల ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటలల్ల 83 మందికి చేస్తే పదిమందికి పైగా పోయిండ్రు, అండ్ల మన ఆదివాసీ ఆడబిడ్డలు కూడా ఉన్నరు. అక్కడి కారణాలు వేరే, ఆపరేషన్ వేరే. కానీ రోగం తిరగబడ్డప్పుడు వాళ్లు కూడా ఇంటికాన్నే ఉన్నరు.

మామకు కడుపుల పైపు వేసి చీము తీసిండ్రు, లోపల స్టెంటు పెట్టిండ్రు. 24 రోజులు. బతికిండు. ఇప్పుడు 86 కిలోలు, డంపర్ ఎక్కుతున్నడు, గురక లేదు.

సింగరేణి రెఫర్ చేసి హైదరాబాద్ పంపే పేషెంట్లకు డిశ్చార్జి నుంచి చెకప్ దాక ఉండనీకి అక్కడ రూములు ఉండాలె, ఆ రోజులకు మస్టర్ భయం ఉండొద్దు. యూనియన్లు అడగాల్సింది ఇది. గూడేల నుంచి పోయేటోళ్లకు ఉట్నూర్ ఐటీడీఏను మనమే అడగాలె. డిశ్చార్జి కాయితంల ఆ నాలుగు ముక్కలు తెలుగుల రాసియ్యమని కౌంటర్ కాన్నే పట్టుబట్టండి, రాయకపోతే మీరే రాసి గోడకు అతికించండి. ఇంటికి రాంగనే ఆ కాయితం రామకృష్ణాపూర్ ఏరియా హాస్పిటల్‌లనో, మంచిర్యాల పెద్ద దవాఖానలనో ఒకసారి చూపెట్టండి, రాత్రి పూట ఉరికితే కొత్తగ చెప్పే పని ఉండదు. ఆర్‌ఎంపీతోని నొప్పి సూది మాత్రం వేయించకండి, అది రోగాన్ని కప్పెడుతది.

వచ్చే నెల మా ఊరి పెద్దయ్య ఒకాయన ఇదే ఆపరేషన్‌కు పోతున్నడు, తోడుగ మళ్ల నేనే. మెట్లు లేని రూము, వంట చేసుకునేటట్టు, పన్నెండు రోజులకు కావాలె. పంజాగుట్ట, సోమాజిగూడ దిక్కు హాస్టళ్లల్ల ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరికన్నా తెలిస్తే కింద చెప్పండి.