వెయ్యిలో ఆ ఒక్కటి

గోదావరిఖనిలో బొగ్గు బాయి పనికి పోయే తండ్రి కొడుకును సీఎస్‌ఈలో చేర్పించగానే చుట్టుపక్కల వినబడే సలహా ఒక్కటే: "కోడింగ్ నేర్చుకో, మ్యాథ్స్ పాసైతే చాలు." జేఎన్‌టీయూ రెండో ఏడాదిలో పెట్టిన కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్ పేపరును పిల్లలు పరీక్షకు రెండు రోజుల ముందు ఆల్ ఇన్ వన్ గైడు తెరిచి గట్టెక్కిస్తారు. ఈ సలహా తప్పు. మన ఊళ్లోనైతే ప్రమాదం కూడా.

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. అందుకే భూగర్భ గనిలో అది 1.25 శాతం దాటగానే కరెంటు తీసేయాలని నిబంధన. ఆ గ్యాస్‌ను పసిగట్టే ప్రోగ్రామును మన కుర్రాడే రాశాడనుకుందాం. వెయ్యి రీడింగుల్లో ఒక్కదానిలోనే నిజమైన ముప్పు ఉందనుకుందాం. ప్రతిసారీ "గ్యాస్ లేదు" అని చెప్పే ప్రోగ్రాము, ఏమీ కొలవకుండానే, 99.9 శాతం సరైనదవుతుంది! ఆ అంకె చూసి తృప్తిపడే ప్రోగ్రామరు చేతిలో మనుషుల ప్రాణాలు పెట్టలేం.

ఇంకో ప్రోగ్రాము చూడండి. ఇది ముప్పును తప్పకుండా పట్టుకుంటుంది. ముప్పు లేనప్పుడు మాత్రం నూటికి ఒకసారి పొరపాటున మోగుతుంది. మిగిలిన 999లో దాదాపు పది ఉత్త మోతలు. అంటే పదకొండు మోతల్లో నిజం ఒక్కటే. పదిసార్లు పని ఆపి బయటికొచ్చి ఏమీ లేదని తెలిశాక, ఆ ఒక్కసారి ఎవరు కదులుతారు? దీన్ని లెక్కగట్టే బేయీస్ సూత్రం ఆ పేపరు మొదటి యూనిట్‌లోనే ఉంటుంది.

"లైబ్రరీలున్నాయి, ఒక్క లైను రాస్తే చాలు" అంటారు. లైబ్రరీ లెక్క చేస్తుంది, ఏ లెక్క అడగాలో చెప్పదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు, ఉన్న డేటాతో ఒకవైపు మొగ్గని అంచనా ఎంతవరకు కచ్చితం కాగలదో 1945లోనే హద్దు గీసి చూపించారు. ఆ హద్దును ఏ సాఫ్ట్‌వేరూ దాటించలేదు.

ఈ పేపరంటే పిల్లలకుండే విసుగుకు మాత్రం కారణం ఉంది. బొగ్గు ఊరి పిల్లలకు ఏళ్ల తరబడి సంచిలో ఎర్ర బంతులు, తెల్ల బంతులు చూపించి సంభావ్యత చెబుతున్నాం.

2003 జూన్ 16న మన ఊరి 7 ఎల్‌ఈపీ బొగ్గు గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. స్టాటిస్టిక్స్ తెలిసుంటే అది ఆగేదని నేననను. కానీ మిగతా రోజులన్నీ బాగున్నాయన్న లెక్క ఆ 17 ఇళ్లకు ఎందుకూ పనికిరాదు. లెక్చరర్లను ఒక్కటే అడుగుతున్నా: ఈసారి బంతులు పక్కన పెట్టి, బోర్డు మీద గ్యాస్ రీడింగులు రాయండి.