పాలు ఆగితే దాణా బంద్.. కడుపులోని దూడకు అర్ధాకలి

ఒంగోలు: ఎదుగూ బొదుగూ లేని దూడను చూసి రైతు విత్తనాన్నో, సూది వేసిన సిబ్బందినో నిందించడం పరిపాటి. తల్లి చూడితో ఉన్నప్పుడే పొరపాటు జరిగి ఉండవచ్చన్న ఆలోచన అరుదుగా వస్తుంది.

పాడి రైతు లెక్క సూటిగా ఉంటుంది. పాలిచ్చే గేదెకే దాణా. చూడి గేదె వట్టిపోగానే తవుడు, చెక్క ఆగిపోతాయి. ఇక వరిగడ్డే గతి. ఆవు సుమారు 280 రోజులు, గేదె 310 రోజులు చూడి మోస్తాయి. పుట్టేనాటి దూడ బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే సమకూరుతుంది. అంటే రైతు దాణా ఆపే సమయమూ, కడుపులోని దూడకు అత్యధిక పోషణ కావలసిన సమయమూ ఒక్కటే అవుతున్నాయి.

దీనికి రుతువు తోడవుతోంది. గేదెల్లో అధిక భాగం జులై నుంచి డిసెంబరు లోపు ఈనుతాయి. వీటిలో ముందుగా ఈనే వాటికి నిండు నెలలు నడివేసవిలో పడతాయి. ఒంగోలుకు పశ్చిమాన ఉన్న మెట్ట మండలాల్లో పచ్చిమేత కంటికి కనిపించని రోజులవి. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. పొట్టలోని సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటేనే కనీసం ఏడు పాళ్లు ఉండాలి.

సముద్రాల అవతల మన జాతి

ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దం నుంచి 1960ల తొలినాళ్ల వరకు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. నెలోర్ పేరుతో అవి నేడు ఆ దేశపు మాంసపు పశుసంపదకు వెన్నెముక. ఆ వ్యాపారంపై మనవారి అభిప్రాయం ఎలా ఉన్నా, దూడ ఎదుగుదలను తూకం వేసి చూడక తప్పని రంగం కావడంతో చూడి ఆవుల మేతపై విస్తృత పరిశోధనలు అక్కడా, అమెరికాలోనూ సాగాయి. పశువు కండలోని పోగుల సంఖ్య పుట్టుకకు ముందే దాదాపు ఖాయమవుతుందని, పుట్టిన తరువాత అవి లావెక్కడమే తప్ప సంఖ్య పెరగదని శాస్త్రజ్ఞులు తేల్చారు. కడుపులో కోల్పోయిన దానిని ఆ తరువాత ఎంత దాణా పెట్టినా పూర్తిగా రాబట్టలేమన్నమాట.

అమెరికాలోని నెబ్రాస్కాలో చలికాలపు ఎండుగడ్డిపై ఆధారపడిన చూడి ఆవులకు చివరి మూడు నెలలు రోజుకు సుమారు అర కిలో మాంసకృత్తుల దాణా ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితాలు ఆలోచింపజేసేవి. దాణా తిన్న, తినని తల్లుల దూడలు పుట్టిన బరువులో ఇంచుమించు సమానమే. తేడా పాలు మాన్పించేనాటికి బయటపడింది. దాణా తిన్న తల్లుల పెయ్యల్లో 93 శాతం చూడి కట్టగా, మిగిలిన వాటిలో 80 శాతమే కట్టాయి. మాంసపు ఆవుల అంకెలను పాడి గేదెకు యథాతథంగా అన్వయించలేం. అయినా పడ్డ నాలుగేళ్లకు గాని ఈనడం లేదని వాపోయే రైతుకు ఈ ఫలితం పట్టించుకోదగినదే.

బాగా మేపితే దూడ పెద్దదై ఈత కష్టమవుతుందన్న భయం పల్లెల్లో బలంగా ఉంది. పై ఫలితం దానికి కొంత సమాధానం. పశువు మరీ కొవ్వెక్కితే ఇబ్బందే. మన మెట్ట ప్రాంతంలో కొవ్వెక్కిన వట్టి గేదెను వెతికినా దొరకడం కష్టం!

రెండు బస్తాల ప్రశ్న

నిండు చూడి పశువుకు చివరి రెండు నెలల్లో రోజుకు కిలో నుంచి కిలోన్నర దాణా అదనంగా పెట్టాలన్నది పశుపోషణ నిపుణుల సిఫారసు. మొత్తం మీద రెండు బస్తాలకు మించదు. కానీ ఆ రోజుల్లో పాల డబ్బు రాదు. చిన్న రైతుకు అసలు చిక్కు అదే. దీనిని కేవలం అవగాహన లోపమనడం అన్యాయం.

సర్కారు సాయం సైతం ఈత తరువాతే మొదలవుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సునందిని పథకం పుట్టిన దూడలకు రాయితీ దాణా ఇచ్చేందుకు ఉద్దేశించినదే. సూది వేసిన తేదీ, చూడి నిర్ధారణ వివరాలు పశుసంవర్ధక సిబ్బంది నమోదు చేస్తూనే ఉన్నారు. ఏ ఊళ్లో ఏ గేదెకు ఎన్నో నెలో ఆ వివరాలనుబట్టి చెప్పవచ్చు. వేసవిలో రాయితీ దాణా, పాతర గడ్డి పంపిణీ చేసేటప్పుడు పాలిచ్చే పశువులతో పాటు ఎనిమిదో నెల దాటిన వట్టి గేదెలనూ ఆ జాబితాలో చేర్చడానికి కొత్త పథకమేదీ అక్కరలేదు.