షజరా, ఉప్పెన, ఒక అప్‌గ్రేడ్



పామర్రులో కూర్చుని నేను నడిపే మా ఖాందాన్ వికీని మొన్న కొత్త వెర్షన్‌కు మార్చాను. మార్చబోయి దాదీ పేజీని పోగొట్టినంత పని చేశాను. ఘల్తీ నాదే. మీలో కూడా ఇంటి కాగితాలు, ఫొటోలు కంప్యూటర్‌లో దాచేవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

దాదీ పేజీ అంటే ఏమిటో కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మావాళ్ల ట్రంకు పెట్టె కొట్టుకుపోయింది. నికానామాలు, పొలం కాగితాలు, దాదా వాళ్ల అబ్బా ఉర్దూలో రాసిన షజరా, అన్నీ అందులోనే. మనుషులే దక్కని రాత్రి కాగితాల ఊసు ఎవరికి? చాలా ఏళ్ల తర్వాత, 2010లో, దాదీ యాద్ చేసుకుని చెబుతుంటే ఆరు తరాల పేర్లు, ఆ రాత్రి పోయిన మావాళ్ల పేర్లు నేను టైపు చేశాను. ఆమె ఇప్పుడు లేరు. ఆ మాటలు ఇంకెక్కడా లేవు.

'వాట్సాప్ గ్రూపు ఉంది కదా భాయీజాన్, ఈ మెహనత్ ఎందుకు?' అంటాడు మా తమ్ముడు. గ్రూపులో పోయిన రంజాన్‌కు ఎవరో పెట్టిన ఫొటో వెతికి తీయమనండి చూద్దాం. పైగా మా ఆడపిల్లల పేర్లు, మెహర్ వివరాలు బజార్లో పెట్టేవి కావు. వికీపీడియాలో ఇవి పట్టవు, పట్టకూడదు కూడా. కానీ వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ముఫ్త్‌గా దొరుకుతుంది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా నడిచేదీ దానిమీదే. దాన్నే మా ఇంటికి పెట్టుకున్నాం. ఎవరు ఎప్పుడు ఏ పేరు దిద్దారో పాత రూపంతో సహా మిగులుతుంది. షజరాకు అంతకంటే ఏం కావాలి?

సొంత ఇల్లంటే మరమ్మతు కూడా సొంతమే. 2010లో 1.15 వెర్షన్ పెట్టాను. 2017లో 1.27కి మార్చాను. ఆ తర్వాత 'నడుస్తోంది కదా' అని వదిలేశాను. మన డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడే పూడిక తీయాలి. తీయకుండా నీళ్లు వదిలితే గండి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. నా సంగతీ అంతే అయింది. పాత పీహెచ్‌పీని ఆపేస్తున్నామని సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు నోటీసు పంపేదాకా నేను కదల్లేదు.

1.27 నుంచి 1.43కి ఒక్క దూకు కుదరదు. 1.43 తనకు ముందు 1.35 దాకా వచ్చిన డేటాబేస్‌నే ఒప్పుకుంటుంది. కాబట్టి మధ్యలో 1.35 దగ్గర దిగాలి. దానికి పీహెచ్‌పీ 7.3 అయినా ఉండాలి, 1.43కేమో 8.1 కావాలి. అందుకని ముందు ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో అంతా చేసి చూద్దామనుకున్నాను. ఈ ఒక్క అఖల్ మాత్రం అల్లాహ్ నాకు ఇచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్.

బ్యాకప్ తీశాను, ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను, దాదీ పేజీ తెరిచాను. తెలుగు లేదు. ప్రతి అక్షరం చోటా తలమీద గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', పక్కన ఒక డిగ్రీ గుర్తు. ఉర్దూ పేర్ల చోట అడ్డంగా కొట్టేసిన 'ఓ'లు. రాత్రి పదకొండు దాటింది. చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇదీ: మా పాత డేటాబేస్ టేబుళ్ల మీద 'లాటిన్-1' అని ముద్ర ఉంది, లోపల ఉన్నది మాత్రం యూటీఎఫ్-8. బ్యాకప్ తీసే ప్రోగ్రాం ముద్రనే నమ్మి, అప్పటికే యూటీఎఫ్-8గా ఉన్నదాన్ని మళ్లీ యూటీఎఫ్-8కి మార్చింది. ఇంగ్లీషు వికీ అయితే ఎవరూ గమనించరు, ఎ, బి, సి, డిలు చెక్కుచెదరవు. దెబ్బ తగిలేది మనలాంటి లిపులకే. రెండోసారి లాటిన్-1 గానే తీయమని చెప్పి, వచ్చిన ఫైల్లో ఆ ముద్ర మార్చి ఎక్కిస్తే దాదీ తిరిగి వచ్చింది. పాత సర్వర్ ఇంకా బతికి ఉంది గనుక రెండోసారి తీయగలిగాను. అది ఆగిపోయాక ఇదే పని మొదలుపెట్టి ఉంటే? నేనేళ్ల తరబడి నెలకోసారి తీసి భద్రంగా దాచుకున్న బ్యాకప్‌లన్నీ ఇలా చెడినవే. ఒక్కదాన్ని కూడా ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఇంకో సంగతి చెప్పడానికి షరమ్‌గా ఉంది. లాగిన్ లేనిదే ఎవరూ చదవకుండా తాళం పెట్టానని గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఆ తాళం పేజీలకే. బొమ్మల ఫోల్డర్‌కు విడిగా పెట్టాలి. చిరునామా తెలిస్తే చాలు, మా ఇంటి నికానామాల ఫొటోలు ఎవరైనా చూడగలిగేవారు. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ను మూసేసి, బొమ్మలు లాగిన్ చూశాకే ఇచ్చే దారిలో పెట్టాను.

ప్రతి కొత్త వెర్షన్ వెంటా పరిగెత్తమని నేననను. ఎక్కువకాలం మద్దతు ఉండేవాటిని పట్టుకుంటే చాలు. 2024 డిసెంబరులో వచ్చిన 1.43కి 2027 డిసెంబరు దాకా మద్దతు ఉంది. ఫాయిదా కూడా ఉంది: 1.35 నుంచి విజువల్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తోంది, విడిగా ఇంకో సర్వర్ నడపక్కర్లేదు. బందరు ఫుప్పు వికీ గుర్తులు నేర్చుకోకుండానే తన ఖీర్ తర్కీబ్ తానే ఎక్కించింది. చక్కెర కొలత మాత్రం చెప్పలేదు, అది ఆమె రహస్యమట.

నా అసలు భయం వేరే. పదిహేనేళ్లు ఈ తాళంచెవి నా ఒక్కడి జేబులోనే ఉంది. నేను పోతే అద్దె కట్టేవాళ్లుండరు, వికీ కూడా నాతోనే పోతుంది. మళ్లీ ట్రంకు పెట్టె కథే. అందుకని గుడివాడలో చదువుతున్న మా మామూ కూతురికి పాస్‌వర్డులు, బ్యాకప్, రెండు పేజీల కాగితం ఇచ్చి, నా సాయం లేకుండా ఎక్కించమన్నాను. ఆదివారం జొహర్ తర్వాత మొదలుపెట్టి మగ్రిబ్‌కు ఫోన్ చేసింది. 'ఎక్కింది భాయీజాన్. కానీ మీ కాగితంలో నాలుగో మెట్టు తప్పు. ఇంకోటి, దాదీ పేజీలో మా నానా పేరుకు ఒత్తు లేదు, దిద్దేశాను.'

చరిత్ర ట్యాబ్ నొక్కి చూశాను. నా పేరు పైన మొదటిసారి ఇంకో పేరు ఉంది.