గబ్బిలమే ఎందుకు?

సాహిత్యం చదివితే మనసు మెత్తబడుతుందనీ, చదువుకుంటే ఎదుటివాడి బాధ తెలుస్తుందనీ శాలువాలు కప్పుకుని చెప్పే పెద్దలున్నారు. కాదని మేం అనడం లేదు. ఎవరి మనసు ఎప్పుడు మెత్తబడిందో లెక్క చెప్పమంటున్నాం.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. సంగదాసు చావు చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లు కోస్తా అంతటా ఉన్నారు. ఆ తర్వాత 63 ఏళ్లకి, అదే కోస్తాలో కారంచేడు. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి మురికి కలపొద్దన్నారు మనవాళ్లు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. అంతే. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని తరిమి తరిమి చంపారు. అదేమన్నా చదువులేని ఊరా? చదువూ డబ్బూ పలుకుబడీ అన్నీ ఉన్న ఊరు! పుస్తకంలో చచ్చిపోయిన మాలవాడి కోసం ఏడవడం తేలిక. ఎదురుగా బిందె ఎత్తిన మాదిగామెని మనిషిగా చూడాల్సొచ్చినప్పుడే ఎవడి చదువెంతో బయటపడుద్ది.

బళ్లో చదివించే తీరు చూడండి. జాషువా 'గబ్బిలం' 1941 నాటిది. కాళిదాసు యక్షుడు పెళ్లాం కోసం మేఘంతో కబురంపాడు. జాషువా మనిషి అంటరానివాడు, ఆకలిగొన్నవాడు. కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో మొర పంపుకున్నాడు. పిల్లలచేత ఆ పద్యాలు బట్టీ పట్టిస్తారు, గురువు లఘువు పెట్టిస్తారు, మార్కులేస్తారు. ఇన్ని పక్షులుండగా గబ్బిలమే ఎందుకని మాత్రం అడగరు. గబ్బిలం గుడిలోకి పోగలదు, ఆ మనిషి పోలేడు! ఈ ఒక్క ప్రశ్న అడిగితే మన పిల్లాడికి వాళ్లూరి గుడి గడప గుర్తొస్తుంది. పక్కన కూర్చున్న కాపు పిల్లాడికో కమ్మ పిల్లాడికో వాళ్ల తాత గుర్తొస్తాడు. అందుకే అడగరు.

అడిగే చదువు ఏం చేస్తుందో ముక్తా సాల్వే చూపించింది. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు పిల్ల. 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో వ్యాసం రాసింది. వేదాలు బ్రాహ్మలవే అయితే మరి మా మతమేదని నిలదీసింది. నెత్తిన కప్పులేక వానలో చలిలో కాన్పులయ్యే ఆడవాళ్ల గోస చెప్పింది. ఆ పిల్ల పుట్టింది మాంగుల్లో. రాసింది మాంగులూ మహార్లూ ఇద్దరి దుఃఖమూ. మాలపేటకీ మాదిగపేటకీ మధ్య గోడలు కట్టుకుని కూర్చున్న మనం ఆ పిల్ల దగ్గర ఓనమాలు దిద్దుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి. కోపం తెచ్చుకోకండి అన్నలారా. దళిత స్త్రీల రచనలన్నీ ఏరి గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చింది. మన నాయకుల్లో ఎందరు తెరిచారు దాన్ని? అంబేడ్కర్ బొమ్మకి దండేసొచ్చి, కూడు ఆలస్యమైందని ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యెత్తేవాళ్లు మన సంఘాల్లో లేరా? సువార్త బిందె గురించి మైకులో గొంతు చించుకుంటాం. మనింట్లో బిందె ఎవరు మోస్తున్నారో చూడం. పెద్దకులాలోళ్లకి కరుణ లేదంటున్నాం సరే, మన చదువు మనకేం చూపించినట్టు?

ప్రతి పేటలో పదిహేను రోజులకో రాత్రి పెట్టండి. చదువొచ్చిన ఆడపిల్ల పుస్తకం పట్టుకుని గట్టిగా చదవాలి. చదువురాని అమ్మలు ముందు వరసలో కూర్చుంటారు, ముందు మాట్లాడేదీ వాళ్లే. నాయకులు వెనకాల కూర్చోండి. ఆ రాత్రికి మైకు మీకివ్వం.