బస్సునకు పన్ను: గ్రామసభలో గృహిణి మాట

2025 ఆగస్టు 15వ తేదీనాటినుండి మన ఆంధ్రరాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీవారి బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేకుండ పయనము చేయు వసతి కలిగినది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులును, పట్టణములలో తిరుగు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్సులును ఇందు జేరినవి. ఈ ఏర్పాటునకు ‘స్త్రీశక్తి’ యని పేరిడిరి. దీని మంచిచెడ్డలను గూర్చి పత్రికలలో కావలసినంత చర్చ జరిగినది. మేము మరల దాని నెత్తుకొనబోము. మా ప్రశ్న వేఱు. బస్సు వచ్చు నూరి యాడుబిడ్డకు ఛార్జీ తప్పినది. బస్సు రాని యూరి యాడుబిడ్డకు తప్పిన దేమి? ఆమె యెప్పటివలెనే ఆటోవానికి సొమ్మిచ్చి, పదుగురి నడుమ ఒదిగికూర్చుండి పోవుచున్నది. టిక్కెట్టు వెలతో పాటు బస్సుల సంఖ్యయు సున్న యైనచోట ఆ వరము కాగితముమీదనే యుండును. కనుక బస్సు వచ్చుటకు ఎవరు సొమ్ము పెట్టవలెను, అందు కొంత మనలను పన్నురూపమున అడిగినచో మన మేమని బదులు చెప్పవలెను అను విషయమును ఈ మాసమున చదువరులతో కలసి యాలోచింపదలచితిమి.

మందస ప్రాంతమునే తీసికొందము. ఒకవైపు మహేంద్రగిరి దిగువ సవరల గూడెములు, ఒకవైపు సముద్రపుటొడ్డున బెస్తపల్లెలు, ఆ యొడ్డు పొడవునను కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగానుండు ఉద్దానము. జాతీయరహదారియు రైలుమార్గమును ఈ సీమను దాటిపోవుచున్నవి గాని, వానిమీద పరుగెత్తు బండ్లలో పెక్కు మనకొఱకు ఆగునవి గావు. ‘మందస రోడ్డు’ అను స్టేషను పేరే చెప్పుచున్నది, అది మందసకు బోవు త్రోవలోని స్టేషనే గాని మందస స్టేషను గాదని.

ఇక్కడ దినదినమును బస్సు కొఱకు నిలుచువా రెవరు? పలాస, కాశీబుగ్గల జీడిపప్పు ఫ్యాక్టరీలలో గింజ పగులగొట్టి పొట్టు తీయుటకు బోవు కూలిస్త్రీలు. చేపలగంప నెత్తిన బెట్టుకొని సంతకు బోవు బెస్తవనితలు. కాలేజీకి బోవు బాలికలు. కచేరిపనిపై టెక్కలికో పలాసకో తిరుగు వితంతువులు. వీరందఱికంటెను మా మనస్సును కలచునది మఱియొక గుంపు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెందఱి యిండ్లలో జొచ్చినదో మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. డయాలిసిస్ చేయించుకొను రోగి వారమునకు రెండు మూడు మాఱులు ఆ కేంద్రమునకు పోయి, గంటలకొలది మంచముపై నుండి, నీరసించిన దేహముతో ఇల్లు చేరవలెను. 2023 డిసెంబరు 14వ తేదీని పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. సంతోషమే. అయినను ఆసుపత్రి గడప వఱకు తెచ్చు బండి లేనిచో రోగి యింటనే యుండిపోవును; లేదా వైద్యము ఉచితమై దారిఖర్చు అప్పగును. రోగి వెంట తోడు పోవునది యెవరని విచారింపుడు. భార్యయో, తల్లియో, కోడలో. ఆమె కూలియు ఆనాటికి పోయినట్లే.

పూర్వ మీ సీమలో దారులకు, బండ్లకు సొమ్ము పెట్టిన వారెవరు? టెక్కలి చేరువనున్న నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో నడచిన చిన్నరైలును ఆ సంస్థానపు రాజుగారే తమ సొమ్ముతో వేయించిరి. రాజుగారి రైలు గనుక రాజుగారి యూరికే పోయినది. తక్కిన యూళ్లవారి నడిగి వేయలేదు. స్థానికసంఘములు వచ్చిన పిమ్మట బాటలకు సొమ్ము గేట్లయొద్ద వచ్చెడిది. బండివాడు ఆగి, సుంకము చెల్లించి, ముందునకు సాగవలెను. 1931లో చెన్నపట్టణపు ప్రభుత్వము మోటారు బండ్లపై పన్నుచట్టము చేసి ఆ గేట్లను ఎత్తివేయించినది. అందులకు స్థానికసంఘములకు పరిహార మేర్పఱచినది. మందస అప్పటికి గంజాము జిల్లాలోనిది. బండివానికి గేటు బాధ తీఱినది గాని, నాటినుండి బండ్ల పన్ను రాజధానికి పోయి, అక్కడినుండి మరల రావలసిన సొమ్మైనది. నేటికిని మోటారు పన్ను రాష్ట్రముదే, బస్సు ఆర్టీసీదే. పంచాయతీ చేతిలో ఇంటిపన్నును మఱికొన్ని చిల్లర పన్నులును మాత్రము మిగిలినవి.

ఇక ఆర్టీసీవారు ఒక యూరికి బస్సు వేయుటయో మానుటయో ఎట్లు నిర్ణయింతురో గృహిణులకు సులభముగనే తెలియును, అది మన పాలలెక్క వంటిది. బస్సు ఒక కిలోమీటరు నడచుటకు డీజిలు, జీతములు, టైర్లు, మరమ్మతు కలిపి యింత యగును. ఆ కిలోమీటరునకు టిక్కెట్లమీద ఇంత వచ్చును. సీట్లెన్ని నిండినవను లెక్కయు నుండును. తక్కువ వచ్చు దారిలో మొదట రాత్రి బస్సు పోవును, పిమ్మట మధ్యాహ్నపు బస్సు పోవును, చివరకు ఉదయపుదియు వారమున కొన్నినాళ్లు మాత్రమే కానవచ్చును. బస్సులు తగ్గినకొలది జనము ఆటోలకు మరలుదురు; జనము మరలినకొలది బస్సులు తగ్గును. ఇచ్చట ఒక చిన్నమాట. ఉచితప్రయాణమున గూడ కండక్టరు మీకు సున్న రూపాయల టిక్కెట్టు ఇచ్చును. దానిని అడిగి పుచ్చుకొనుడు. ఆ టిక్కెట్టు లెక్కనుబట్టియే ప్రభుత్వము ఆర్టీసీకి సొమ్ము చెల్లింపవలసియున్నది. మన యూరి బస్సులో మనుష్యులు కూర్చుండిరనుటకును అదే సాక్ష్యము. ‘ఉచితమే గదా, కాగిత మేల?’ అని ఊరకుండిన వనిత, తా నెక్కిన బస్సు ఖాళీగా పోయినదని తానే చెప్పినట్లగును.

పన్నుమాటకు వత్తము. 1994నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ సంవత్సరమునకు కనీసము రెండుమాఱులు కూడవలెను. పంచాయతీవారు దానియెదుట పెట్టవలసిన విషయములలో జమాఖర్చులతోపాటు, క్రొత్తపన్నులు వేయు ప్రతిపాదనలు, ఉన్న పన్నులు హెచ్చించు ప్రతిపాదనలు గూడ పేర్కొనబడినవి. ఊరిలో ఓటుహక్కు గల ప్రతివారును ఆ సభలో సభ్యులే. ఒకరు పిలువనక్కఱలేదు, ఒకరి సెలవు అక్కఱలేదు. ఈ సంగతి తెలిసిన స్త్రీ లెందఱు? తెలిసి పోవువా రెందఱు? పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడిన రాష్ట్రమిది. అట్లయ్యును సభలో సర్పంచి భర్త మాటలాడుటయు, సర్పంచి వ్రేలు చూపినచోట సంతకము చేయుటయు మనము చూడనిది గాదు.

ఇక్కడనే చిక్కంతయు నున్నది. ఇంటిపన్ను రశీదు సామాన్యముగా మగవాని పేర నుండును. ‘బస్సు కొఱకు ఏటికి మఱికొంత యిత్తురా?’ అని అడిగినప్పుడు సభలో కూర్చున్న మగవాడు వాకిట నిలిపిన తన మోటారుసైకిలును తలచుకొని ‘మా కెందుకు?’ అనును. అతనికి ఆ ప్రశ్న ఖర్చుప్రశ్న. అతని తల్లి ఆటోల కిచ్చుచున్నది ఆ లెక్కలో చేరదు, ఏలయన అది దినమునకు కొంచెముకొంచెముగ, ఆమె కొంగుముడినుండి పోవుచున్నది. పన్ను ఏటికొకమాఱు వచ్చును గనుక భారముగ తోచును. ఒక నెల మీ యింట ఆటోలకైన ఖర్చును గోడక్యాలెండరుమీద వ్రాసియుంచి, పండ్రెండింట గుణించి, ఇంటిపన్ను రశీదు ప్రక్కన బెట్టి చూడుడు. సభలో మాటలాడుటకు అంతకంటె మంచి యుపన్యాసము లేదు.

బస్సు కొఱకు జనుల నడిగి పన్ను వేయుట ఎచటనైన జరిగినదా యని చదువరులు అడుగవచ్చును. మన తెలుగువారు వేలకొలదిగ స్థిరపడిన అమెరికాలోని సియాటిల్ నగరమున జరిగినది. 2014 ఏప్రిలులో ఆ నగరముగల కింగ్ కౌంటీ యంతటను ఓటు పెట్టిరి: ప్రతి మోటారుబండికి ఏటికి 60 డాలర్లు, అమ్మకపుపన్ను నూఱింట పదవవంతు హెచ్చు. జనులు వల దనిరి. బస్సులు తగ్గింతుమని అధికారులు ప్రకటించిరి. అప్పుడు సియాటిల్ నగరము ఒక్కటియే అదే ప్రశ్నను నవంబరులో తన ప్రజలయెదుట పెట్టెను; ఈమాఱు నూటికి అఱువదికి పైగా సరే యనిరి. ఆ సొమ్ముతో నగరమువారు సొంతముగ బస్సులు కొనలేదు. కౌంటీవారి బస్సులే తమ వీథులలో మఱిన్ని గంటలు తిరుగునట్లు ఆ గంటలను కొనిరి! బీదవారికి ఆ 60 డాలర్లలో 20 తిరిగి యిచ్చు నేర్పాటును చేసిరి. గడువు తీఱిన పిమ్మట 2020లో మరల అడుగగా, నూటికి ఎనుబదిమంది యొప్పుకొనిరి. మొదట బస్సు కనబడినది గనుకనే రెండవమాఱు అంతమంది యొప్పిరని మా యభిప్రాయము.

అంత దూర మేల, మన యింటిపన్నులోనే దీనికి పోలిక యున్నది. 1960నాటి గ్రంథాలయచట్టమునుబట్టి ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల పేర వసూలగుచున్నవి. ఒక పనికని చెప్పి, ఆ పనికే చెందునట్లు తీయు పన్ను ఇది. కాని ఇందు హెచ్చరికయు నున్నది. స్థానికసంఘములు వసూలుచేసిన గ్రంథాలయపన్ను గ్రంథాలయములకు చేరక బకాయి పడియుండుట తఱచు వినబడు మొఱ. బస్సు పేర తీసిన సొమ్మునకును ఆ గతి పట్టదని ఎవరు పూచీ?

మఱియొక యాక్షేపణ గలదు, అది న్యాయమైనదే. మోటారుపన్ను, డీజిలుపన్ను రాష్ట్రము పుచ్చుకొనుచుండగా, బీదపల్లె మఱల బస్సునకు పన్ను కట్టవలెనా? మందసవారికి ఇట్టి ప్రశ్నలు క్రొత్త గావు. 1940లో జమీందారీ అడవిలోని కలపపై హక్కు కొఱకు రైతులు పెనగిననాడు గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో ప్రాణము విడిచిన గున్నమ్మ ఈ సీమ యాడుబిడ్డయే. కావున అడిగినంతనే కట్టుడని మేము చెప్పము. పైగా నేటి చట్టమున పంచాయతీకి బస్సుపన్ను అని వేఱుగ వేయు నధికారము లేదు. అది కావలెనన్న శాసనసభ చేయవలెను. కాని బస్సు ఊరిలోనికి వచ్చుటకు వలయు పనులలో కొన్ని పంచాయతీ చేతిలోనివే. బస్సు తిరుగుటకు చాలినంత చోటు, గుంతలు లేని ఊరిబాట, నిలుచుటకు నీడ, చీకటిలో ఒక దీపము. ‘మీ దారి బాగులేదు’ అని డిపోవారు చెప్పు సాకు ఇందుచే తీఱును. ఈ పనులకని ఇంటిపన్ను కొంచెము హెచ్చింప జూచినచో మేము సరే యందుము, మూడు మాటలు ముందుగ తేల్చిన పిమ్మట. ఏ పనికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది వ్రాతలో నుండవలెను. పూరిపాకవారిపై పెంపు పడరాదు. మఱుసటి గ్రామసభలో ఆ పద్దు ఒక్కటియే విడిగా చదివి వినిపింపవలెను.

పన్నుతో ప్రమేయము లేకయే చేయదగినదియు నొకటి గలదు. ఏ వేళకు ఎందఱు ఎక్కడికి పోవుదురో, అనగా ఫ్యాక్టరీ వేళ, కాలేజీ వేళ, డయాలిసిస్ వేళ, గుర్తించి యొక కాగితముపై వ్రాసి, గ్రామసభలో తీర్మానము చేయించి పలాస డిపోకు పంపుడు. టెక్కలివైపు వారు టెక్కలి డిపోకు పంపవచ్చును. ‘బస్సు కావలెను’ అను అర్జీలు డిపోలలో కుప్పలుగ నుండును. ఫలాని వేళకు ఇందఱు గలరను అర్జీని త్రోసిపుచ్చుట కష్టము. పొదుపు సంఘములలో నున్న సోదరీమణులకు ఇట్టి లెక్క ఒక సాయంకాలపు పని.

సభలో పంచాయతీ కార్యదర్శి తీర్మానపు పుస్తకము ముందు పెట్టినప్పుడు, వ్రాసినది చదివించుకొని, తాము చెప్పిన మాట అందున్నదని చూచుకొనిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఖాళీ కాగితముపై వలదు. ఈ యేట తమ యూరి గ్రామసభలో బస్సుమాట యెత్తిన చదువరులు జరిగిన దానిని, పంచాయతీవారు కాదనిన సంగతి యైనను, మాకు వ్రాసినచో ఈ శీర్షికలోనే ప్రకటింతుము.