దుంపకు ధాన్యం మర్యాదా?

ఈ కార్తీక వనభోజనాల్లో ఒక పెద్దమనిషి అన్న మాట ఇంకా నా చెవిలో గింగురుమంటోంది. “విత్తనం కొనుక్కునేవాడు మట్టి మనిషే కాడు. మన బంగాళాదుంప మనమే దాచుకోవాలి, మనమే నాటుకోవాలి” అన్నాడాయన. చప్పట్లు పడ్డాయి. ఆపైన సంచిలోంచి మొలకలు తేలిన దుంపలు తీసి వచ్చినవాళ్ళకు తలా నాలుగు పంచాడు. ఒక్కరూ వద్దనలేదు. నేను వద్దన్నాను. కారణం చెప్పబోతే “అంకుల్, మీరు కంపెనీల మనిషిలా మాట్లాడుతున్నారు” అని ఒక కుర్రాడు నా నోరు మూయించాడు. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ చెబుతాను.

మా ఛత్తీస్‌గఢ్ భిలాయి సెక్టార్లలో క్వార్టరున్న ప్రతి ఇంటికీ కాస్తో కూస్తో పెరడు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చిన మనవాళ్ళు ఆ పెరట్లోనే ఆనపకాయ, బీర, వంగ పండించుకుని పిల్లల్ని పెంచారు. ఆ పెరళ్ళంటే నాకు ప్రాణం. కాబట్టే వాటిలోకి రోగం మోసుకొస్తున్న ఈ కొత్త భక్తిని చూస్తే ఒళ్ళు మండుతోంది. వంటింట్లో మొలకెత్తిన ఆలూని పాతిపెట్టడానికి ఇప్పుడు స్వావలంబన అని పేరు, దేశీ విత్తనోద్యమం అని పేరు. కొననివాడు స్వతంత్రుడు, కొన్నవాడు బానిస!

ఈ నేల మీద విత్తనమంటే ఉద్వేగం పొంగడం సహజమే. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిన వరి రకాల కోసం ఆర్.హెచ్. రిఛారియా జీవితం ధారపోశాడు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసి, తర్వాత రాయ్‌పూర్ కేంద్రంగా పల్లెపల్లెకూ తిరిగి వేలాది రకాల వడ్లు సేకరించాడు. ఆ నిధి రాయ్‌పూర్ ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. 2002లో దాన్ని సింజెంటా కంపెనీతో పంచుకునే ఒప్పందం సంగతి బయటపడితే రైతులు, కార్యకర్తలు, మేధావులు రోడ్డెక్కారు. ఆ ఏడు డిసెంబరులోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడ గెలిచింది ధాన్యం. ఆ గెలుపులోని పుణ్యాన్ని పట్టుకొచ్చి బంగాళాదుంప నెత్తిన పోయడం ఏం న్యాయం? రిఛారియా పేరు చెప్పి రోగిష్టి దుంపలు పంచేవాళ్ళు ఆయన చేసిన పని ఏమిటో ఒక్కరోజైనా చదివారా?

వడ్లగింజ పువ్వులోంచి పుడుతుంది. వరిలో పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే ఫలిస్తుంది కనుక రకం తేలిగ్గా చెడదు. తల్లి మొక్కకు పట్టిన వైరస్‌లలో చాలావాటిని గింజ తనలోకి రానివ్వదు. ఎండబెట్టి, కుండలో పోసి, వేపాకు వేసి దాస్తే వచ్చే ఏటికి మళ్ళీ నిక్షేపంలాంటి మొక్క. బంగాళాదుంప గింజ కాదు. అది మట్టిలో ఉబ్బిన కాండం, తల్లి ఒంటిలోని ముక్క. తల్లికి మొజాయిక్ ఉంటే దుంపకూ ఉంటుంది. తల్లికి ఆకుముడత వైరస్ ఉంటే దుంపకూ ఉంటుంది. పేనుబంక ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి వాలినప్పుడల్లా కొత్త రోగం చేరుతుంది, చేరింది చేరినట్టే దుంపలో నిలుస్తుంది. ఏటేటా దాచిన కొద్దీ ఆకు చిన్నదై, దుంప చిన్నదై, చివరికి నాటినంత కూడా తిరిగి రాదు. “నేల సారం తగ్గింది” అని అప్పుడు ఆవుపేడ ఇంకో గంప పోస్తారు. తప్పు నేలది కాదు, పేడది అంతకంటే కాదు.

పైగా ఇది భిలాయి. ఫిబ్రవరిలో తవ్విన దుంపను అక్టోబరు, నవంబరు దాకా దాచాలి. మధ్యలో మే నెల 45 డిగ్రీల ఎండ, దాని వెనకాలే వానాకాలపు ఉక్క. విత్తన దుంపకు 2 నుంచి 4 డిగ్రీల చల్లదనం కావాలి. మంచం కింద ఇసుకలో పరిచిన దుంప వడలిపోతుంది, కుళ్ళుతుంది, లేదా దుంప పురుగు దాన్ని లోపల్నుంచి తొలిచేస్తుంది. జలంధర్ రైతు దాచుకుంటున్నాడు కదా అంటారు. ఆయనకు పక్కనే కోల్డ్ స్టోరేజీ ఉంది. మన సర్గుజా జిల్లా మైన్‌పాట్‌లోనూ ఆలూ పండుతుంది, అదీ వానాకాలంలో. అది వెయ్యి మీటర్లు దాటిన కొండ. మన భిలాయి సుపేలా బజారు వీధికి ఆ కొండ గాలి వీస్తుందా?

అసలు కోపం ఇంకా చెప్పలేదు. వైరస్ పట్టిన దుంపను మళ్ళీ నాటకపోతే ఆ రోగం ఆ పంటతో పోతుంది. ఎండు తెగులు అలా పోదు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా తెచ్చే తెగులు అది. వెచ్చని తడి నేల దానికి స్వర్గం. పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. నీళ్ళు చాల్లేదనుకుని మనం ఇంకా నీళ్ళు పోస్తాం, ఆ నీళ్ళే తెగులును పక్క సాలుకు మోసుకెళ్తాయి. ఏదో స్నేహం కొద్దీ, ప్రేమగా ఇచ్చిన దుంపలు ఒకప్పుడు మా పెరట్లో నాటాం. చూడటానికి నున్నగా, గట్టిగా ఉన్నాయి. ముందు ఆలూ వాలింది. తర్వాతి కాలంలో అదే మడిలో వేసిన వంగ వాలింది, టమాటా వాలింది. వాలిన మొక్క కాండాన్ని కోసి గాజు గ్లాసులో నీళ్ళలోకి వేలాడదీస్తే కోసిన చోటు నుంచి తెల్లటి దారం కిందికి జారింది. అదీ దాని గుర్తు. ఎవరికైనా అనుమానం ఉంటే చేసి చూసుకోవచ్చు, ఖర్చు లేదు.

ఆ తెగులున్న దుంప పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. దాన్ని కోసిన కత్తితోనే ఇంకో దుంప కోస్తే దానికీ అంటుతుంది. బంగాళాదుంపనే కాదు, టమాటా, వంగ, మిరప అన్నిటినీ పట్టుకుంటుంది. మనం ఉన్నది దుర్గ్ జిల్లాలో. ధమ్‌ధా వైపు రైతులు టమాటా మీద బతుకుతున్నారు. పెరట్లో సరదాకు నాటిన నాలుగు దుంపల వల్ల ఒక కూరగాయల నేలకు తెగులు చేరితే ఆ పాపం ఎవరిది? “ఇచ్చిపుచ్చుకోవడం మన సంస్కృతి” అని ఉపన్యాసం ఇచ్చినవాడు వచ్చి ఆ మడిలో ఈ తెగులు పట్టని మొక్కజొన్న వేసుకుంటూ ఏళ్ళ తరబడి కాచుకుంటాడా?

ఆరోగ్యమైన దుంప ఎక్కడి నుంచి వస్తుందో కూడా వీళ్ళకు పట్టదు. ఒకప్పుడు మైదానాల్లో మంచి విత్తన దుంప దొరికేది కాదు. కొండల మీద తవ్విన దుంప ఇంకా నిద్రలోనే ఉండి, మైదానంలో నాటే వేళకు మొలిచేది కాదు. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థలో పుష్కర్‌నాథ్ అనే శాస్త్రవేత్త దీనికి దారి కనిపెట్టాడు. భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన 1959 ప్రాంతం మాట అది. ఉత్తరాది మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే అక్టోబరు, డిసెంబరు మధ్యే విత్తన పంట పెంచాలి. రోగం కనిపించిన మొక్కను దుంపతో సహా పీకేయాలి. 100 ఆకులకు 20 పేనుబంక పురుగులు దాటకముందే పైమొక్కను కోసేయాలి. తొక్క గట్టిపడేదాకా దుంపను రెండు మూడు వారాలు మట్టిలోనే ఉంచి తవ్వాలి. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి వంటి రకాలు దేశమంతా పాకాయంటే వెనక ఈ శ్రమ ఉంది. దీన్ని చేసింది ప్రభుత్వ సంస్థ, మన పన్నులతో. కంపెనీల కుట్ర అని ఎలా అంటారు?

ధాన్యానికీ దుంపకూ తీరు వేరంటే నమ్మకపోతే జహీరాబాద్ చూడండి. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను తరతరాలుగా దాచుకుంటున్నారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. తెలంగాణలో ఆలుగడ్డకు పేరున్నదీ ఆ జహీరాబాదే. అక్కడి రైతులు ఆలుగడ్డ విత్తనం మాత్రం ఆగ్రా వైపు నుంచి లారీల్లో తెప్పించుకుంటారు. ఒకే నేల, రెండు తీర్లు. వాళ్ళకు విత్తనాభిమానం లేకనా?

చట్టం మాట ఎత్తుతారు. 2001 నాటి చట్టం రైతుకు తన పంట దాచుకునే, నాటుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. 2019లో గుజరాత్ ఆలూ రైతుల మీద పెప్సికో కోటి రూపాయలకు పైగా దావా వేసి, దేశమంతా ఛీ కొడితే వెనక్కి తీసుకుంది. మంచిదే. హక్కు ఉన్నంత మాత్రాన బాక్టీరియా చావదు. ఖర్చు మాట ఎత్తుతారు. ఎకరానికి పది క్వింటాళ్ళు పైగా కొనాల్సిన రైతు ఆ మాటంటే వింటాను. పెరట్లో మూడు సాళ్ళకు కావలసింది కొద్ది కిలోలు.

అలాగని “ఆగ్రా విత్తనం” అని అరిచి అమ్మే ప్రతి బస్తాకూ నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. వాళ్ళ మీదా నాకు అంతే కోపం. కోల్డ్ స్టోరేజీలో కూరకు దాచిన చిన్న దుంపల్ని ఏరి విత్తనమని అమ్మడం పచ్చి మోసం. ఊరి పేరు సర్టిఫికెట్ కాదు. 1966 విత్తన చట్టం కింద ధ్రువీకరించిన బస్తాకు నీలం ట్యాగు ఉంటుంది, దాని పై తరం ఫౌండేషన్ విత్తనానికి తెల్లది. భిలాయిలో చుట్టిన రైలు పట్టా మీద తయారైన ఏడాది, హీట్ నంబరు లేకుండా గేటు దాటదు. పట్టా విరిగితే అది ఏ హీటులో, అంటే ఏ విడతలో కరిగించిన ఉక్కో పట్టుకోవచ్చు. ఆ నియమం మధ్య బతికిన ఊరు మనది. తినే దుంప దగ్గరికి వచ్చేసరికి ఊరూ పేరూ లేని సరుకును ఎందుకు ఒప్పుకోవాలి?

చేయవలసింది ఉంది. వీధిలో పదిళ్ళు కలిసి ట్యాగున్న ఒక బస్తా తెప్పించుకుని పంచుకోవచ్చు. మన సంఘాలు ఉద్యానశాఖను, రాయ్‌పూర్ విశ్వవిద్యాలయాన్ని చిన్న సంచుల్లో ధ్రువీకరించిన దుంప అమ్మమని అడగాలి. వనభోజనాలకు చందాలు పోగు చేయగలిగినవాళ్ళకు ఇది బరువు కాదు.

పెరడున్న ప్రతి తెలుగింటికీ నా మాట ఒక్కటే. ట్యాగు చూడకుండా బంగాళాదుంప నాటకండి. ఎవరు ప్రేమగా ఇచ్చినా కూర వండుకోండి, మట్టిలో పెట్టకండి. మంచి దుంప దొరక్కపోతే ఈ ఏడు ఆ మడిలో చిక్కుడు వేయండి. ఆ చిక్కుడు గింజలు మాత్రం తప్పకుండా దాచుకోండి, నలుగురికీ పంచండి.